వైరు ఖరాబైతే ఆ పైసలెవరు పెట్టుకోవాలె?

హన్మకొండల మోటర్ వైండింగ్ షాపు నడిపిస్తున్న, పద్దెనిమిదేండ్ల సంది. పోయిన వారం పరకాల దిక్కు నుంచి ఒకాయన కొడుకుని తోలుకొచ్చిండు. పిలగాడు ఇంటర్ మధ్యల ఆపేసిండట. "అన్నా, పని నేర్పు, జీతం తర్వాత చూద్దాం, బస్సు కిరాయి వెళ్లినా చాలు" అన్నడు. నాకు వెంటనే సరే అన రాలే, అప్పటి సంది మనసుల అదే తిరుగుతుంది.

పని నేర్పుడంటే ఏందో బయటోళ్లకు తెల్వది. 5 హెచ్‌పీ మోటర్ కాలి వస్తది, పాత కాయిల్ తీసి, స్లాట్లల్ల పేపర్ పెట్టి, గేజు చూసి, టర్న్‌లు లెక్కపెట్టి కొత్త రాగి వైరు ఎక్కియ్యాలె. కొత్త పిలగాడు లెక్క తప్పుతడు, లేకుంటే వైరు స్లాటుకు గీరుకొని కోటింగ్ పోతది. వైరుకు, మోటర్ బాడీకి నడుమ సీరీస్ బల్బు పెట్టి చూస్తే వెలుగుతది, అంటే బాడీ అయినట్టు, కరెంటు మోటర్ బాడీకి తగులుతున్నట్టు, మల్ల మొత్తం తీసుడే. ఆ రాగి తుక్కు కింద పోతది, పొలం ఎండుతుందని రైతు ఫోన్ మీద ఫోన్ చేస్తడు, నేను రాత్రి కూసొని మల్ల చుట్టాలె. ఒక్కడు సొంతంగ చుట్టేదాక ఏడాది పడతది, ఆ ఏడాది నష్టం నాదే. చెయ్యి తిరిగినంక హైదరాబాద్‌ల ఎవరో రెండు వేలు ఎక్కువిస్తమంటే పోతడు. పోవాలె కూడ, వాని బతుకు వానిది, నేను తప్పు పట్ట. కానీ ఖర్చు నాది, ఫాయిద ఇంకో షాపుది అయితే ఎవరు నేర్పుతరు చెప్పుండ్రి? మా లైన్‌ల చాలమంది నేర్పుడే బంద్ పెట్టిన్రు.

అదే ఇంజనీరింగ్‌కు పోతే, బీసీ పిల్లలకు ఎంసెట్ (ఇప్పుడు ఈఏపీసెట్) ర్యాంకు 10,000 దాటినా ఏటా 35,000 దాక ఫీజు రీయింబర్స్‌మెంట్ ఉంది, నాలుగేండ్లకు 1,40,000. అది తీసెయ్యమంటలేను, మా చెల్లె బిడ్డ దాంతోనే చదివింది. కానీ షాపుల నేర్చుకునే పిలగానికి ఒక్క రూపాయి లేదు. పని నేర్చుకునేటోళ్ల కోసం అప్రెంటిస్ చట్టం 1961ల వచ్చింది. 30 మంది, అంతకు పైన ఉన్నకాడ అప్రెంటిస్‌లను తీసుకోవాల్సిందే, 4 నుంచి 29 మంది ఉంటే వాళ్ల ఇష్టం. మా షాపుల ముగ్గురం, అంటే మేం ఆ లెక్కలనే లేం. అప్రెంటిస్‌కు నెలనెల ఇచ్చే స్టైపెండ్‌ల 25 శాతం, నెలకు 1,500 దాక కేంద్రం ఇచ్చే స్కీము ఉన్నా మా దాక రాదు. వైండింగ్, వెల్డింగ్, బండి మెకానిక్, ఏసీ రిపేరు, వరంగల్‌ల ఇవన్నీ ఇద్దరు ముగ్గురున్న షాపులల్లనే కదా నేర్చుకునేది!

2024ల 65 ఐటీఐలను టాటా టెక్నాలజీస్‌తోని ఏటీసీలు, అంటే కొత్త మిషన్లున్న అడ్వాన్స్‌డ్ టెక్నాలజీ సెంటర్లు, చేస్తమని సర్కారోళ్లు చెప్పిన్రు, మంచిదే, నిజంగ సంతోషపడ్డ. నేను ఐటీఐ చదివినప్పుడు ఒక్క మోటర్ చుట్టూ ఇరవై మందిమి నిలబడేది, రెండేండ్లల్ల నా చేతితోని పూర్తిగ చుట్టింది ఒక్కటి గూడ లేదు. నా చెయ్యి తిరిగింది మా ఉస్తాద్ షాపుల, ఆయన నష్టపోయిన వైరు మీదనే.

ముగ్గురున్న షాపును గూడ లెక్కల పట్టుండ్రి సార్. పిలగాని స్టైపెండ్ వాని అకౌంట్లనే వెయ్యుండ్రి, ఖరాబైన వైరుకు షాపాయనకు కొంత ఇయ్యుండ్రి, ఏడాదైనంక ఐటీఐ సార్లు వచ్చి వానితోని మోటర్ చుట్టిపిచ్చి, బల్బు పెట్టి చూసి సర్టిఫికెట్ ఇయ్యుండ్రి.

పరకాల పిలగాన్ని సోమవారం నుంచి రమ్మన్న. బస్సు కిరాయి నేనే ఇస్తున్న.