శ్రీమతి ప్లేగు గారికి

మహాలక్ష్మీ సమానురాలు, 'గుడ్ గాలీ మిస్ మోలీ' పాటలోని మిస్ మోలీ గారికి, ఉరఫ్ స్పానిష్‌లో 'లా ప్లాగా' (అంటే ప్లేగు) గారికి నమస్కరించి రాయునది. ఉభయకుశలోపరి.

అమ్మా, మీరు పేరు మార్చుకున్న సంగతి నాకు చాలా ఆలస్యంగా తెలిసింది. టెక్సాస్‌లో మా పక్కింటి మెక్సికన్ వాళ్ల పాప పుట్టినరోజుకి వెళ్లాను. పెరట్లో బొగ్గుల మీద మాంసం కాలుతోంది. స్పీకర్లో మీ పాట మొదలైంది. మాటలు వేరే భాషలో ఉన్నా ఆ ఊపు దాగదు కదా! నా పరిజ్ఞానం ఎవరికీ తెలియకుండా పోతుందేమోనన్న బెంగతో, పక్కనున్న పెద్దావిడతో "ఇది అమెరికన్ గాయకుడు లిటిల్ రిచర్డ్ పాటండీ" అన్నాను. డెబ్భై అయిదు దాటిన మనిషి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, "కాదు, ఎన్రికే గుస్మాన్‌ది" అని తేల్చేసి, చెప్పులు ఓ మూల విడిచి డాన్సుకి వెళ్లిపోయారు. పేపర్ ప్లేటులో బీన్స్ పెట్టుకుని నేనక్కడే నిలబడిపోయాను.

ఒరిజినల్ అంటే ప్రాణమిచ్చే జాతి మాది. రీమేక్ అని తెలిస్తే చాలు, చూడకుండానే పెదవి విరుస్తాం. అందుకే ఇంటికి రాగానే మీ జాతకం తీశాను.

మీ కన్నవారు, అంటే పాట రాసినవారు, జాన్ మరస్కాల్కో, బంప్స్ బ్లాక్‌వెల్. 1956లో లిటిల్ రిచర్డ్ గొంతు చించుకుని మిమ్మల్ని రికార్డు చేశారు. అది బజారులోకి వచ్చేసరికి 1958 జనవరి. ఆలోగా ఆయన రాకెన్‌రోల్ పాపమని వదిలేసి బైబిల్ పట్టుకున్నారు. మిమ్మల్ని వీధిలోకి తోలి తాను గుడికెళ్లిన పెద్దమనిషన్నమాట. పోనీ మీరైనా స్వచ్ఛమైన సరుకా అంటే, మొదట్లో వచ్చే ఆ పియానో 1951లో వచ్చిన 'రాకెట్ 88' పాటలో ఐక్ టర్నర్ వాయించినది. అక్కడి నుంచే ఎత్తానని రిచర్డ్ గారే ఒప్పుకున్నారు. ఒరిజినల్ అని నేను ఎవరి తరఫున పోట్లాడబోయానో చూశారా?

1960లో మిమ్మల్ని మెక్సికో సిటీకి తీసుకెళ్లింది లాస్ టీన్ టాప్స్ అనే కుర్రాళ్ల బృందం. పాడిన గుస్మాన్‌కి అప్పటికి 17 ఏళ్లు. ఇంగ్లీషు పాటల్ని ఇలా స్పానిష్‌లో దింపడాన్ని అక్కడ 'రెఫ్రీతో' అంటారు. అంటే మళ్లీ వేయించినది. నా ప్లేటులో బీన్స్ పేరు కూడా అదే. మనం చద్దన్నానికి పోపు పెట్టి పులిహోర అని వడ్డిస్తాం, వాళ్లు పాపం ఉన్న పేరే చెప్పి పెట్టారు.

ఆ వేయించడంలో మీకు ఏమేం పోయాయో లెక్క చెబుతాను. ఇంగ్లీషులో మీకు ఇష్టమైన పని ఒకటుంది. దాన్ని పిల్లలు డాన్సు అనుకునేవారు, పెద్దలు దగ్గి ఊరుకునేవారు. స్పానిష్‌లో అది అచ్చంగా డాన్సే. ఇంగ్లీషులో మీరు పొద్దున్నించి రాత్రిదాకా గడిపే ఆ నీలి దీపాల ఇల్లు కూడా లేదు, కరెంటు తీసేశారు. ఇంగ్లీషులో మీరు గంతులేస్తుంటే అమ్మ పిలిచినా వినపడదు. స్పానిష్‌లో కుర్రాడి అమ్మానాన్నలు పిలవరు, వాడికి సూటిగా వార్నింగిస్తారు: ప్లేగుతో కనిపించావంటే నీ ఆదివారం అయిపోయినట్టే!

ఆదివారం అయిపోవడమేమిటో అర్థంకాక, మర్నాడు ఆ పెద్దావిడనే అడిగాను. మెక్సికోలో పిల్లలకి ఆదివారం ఆదివారం చేతిఖర్చుకి ఇచ్చే డబ్బుల్నే 'దొమింగో' అంటారట. అదీ విషయం. రాకెన్‌రోల్ వల్ల దేశం నాశనమవుతుందని పెద్దలు గుండెలు బాదుకుంటున్న రోజుల్లో, మొత్తం సంక్షోభాన్ని తెచ్చి ఐస్‌ఫ్రూట్ డబ్బుల దగ్గర కట్టేశారు. అమ్మా, మిమ్మల్ని ఎంత తెలివిగా బడిపిల్లని చేశారో! నీలి దీపాలు పోయినందుకు ఏడుద్దామని కూర్చున్నవాణ్ణి, ఈ ఒక్క మాటకి నవ్వేశాను. ఒరిజినల్లో ఇంత ఇంటివాసన ఉన్న ముక్క లేదు. ఒప్పుకోడానికి కష్టంగానే ఉంది.

ఇక పేరు. ఆడపిల్లని ప్లేగు అంటారా అని మొదట మీ తరఫున కోపమొచ్చింది. తర్వాత మా తెలంగాణ గుర్తొచ్చింది. గత్తర అంటే కలరా. ఊళ్లకి ఊళ్లు ఖాళీచేసిన జబ్బు. ఇప్పుడు స్టేజీ మీద ఎవరైనా దుమ్మురేపితే "గత్తర లేపిండు" అని ఈలలేస్తాం. కలరాని మెచ్చుకోలు చేసుకున్న మేము మీ ప్లేగుని ఏ మొహంతో తప్పుపట్టాలి? పాటలో ఆ కుర్రాడు కూడా మిమ్మల్ని తిట్టడం లేదు, పెళ్లాడతానంటున్నాడు. పద, చర్చి ఫాదర్ దగ్గరికెళదాం అంటాడు. అంతా బాగానే ఉందిగానీ, నువ్వు మరీ అందగత్తెవని కాదు, డాన్సు వచ్చని అని కలిపాడు చూడండి, అక్కడ మాత్రం వాణ్ణి నాలుగు తగలనివ్వండి. ఏమైతేనేం, ఇంగ్లీషులో పాడినాయన చర్చికి పోతే, స్పానిష్‌లో మిమ్మల్నే చర్చికి లాక్కెళ్లారు.

1980ల చివర్లో ఆ గుస్మాన్ గారి కూతురు అలెహాంద్రా కూడా మిమ్మల్ని అందుకుని పాడింది. నాన్న వేయించినదాన్ని కూతురు మళ్లీ వేయించింది. అమ్మానాన్నలు వద్దన్న డాన్సు, వారసత్వంగా ఇంట్లోకే వచ్చేసింది.

పెద్దావిడని ఇంకొకటి కూడా అడిగాను లెండి: "మీ ఆదివారం ఎప్పుడైనా కట్ చేశారా?" అని. ఆవిడ కొడుకు వైపు ఓసారి చూసి, అతను వినడం లేదని ఖాయం చేసుకుని, రెండు వేళ్లు చూపించారు.

ఇట్లు,
నిన్నటి బీన్స్‌ని మూడోసారి వేడిచేసుకుంటున్న మీ విధేయుడు