సవరణ: ఎల్‌ఐడీ ఒక్కటే చాలదు, జీఐడీ కూడా పంపాలి

ఆర్‌డీఎంఏ (ఒక కంప్యూటర్ మెమరీని మరొకటి నెట్‌వర్క్ మీదుగా నేరుగా చదివే, రాసే పద్ధతి) కనెక్షన్ ఏర్పడే ముందు రెండు కంప్యూటర్లు మామూలు టీసీపీ సాకెట్ మీద తమ గుర్తింపు సంఖ్యలను ఒకదానికొకటి తెలుపుకోవచ్చునని పోయిన వారం నేను రాసిన మాట సరైనదే. అయితే ఎల్‌ఐడీ (సబ్‌నెట్ లోపలి చిరునామా), క్యూపీ నంబరు (పంపే, అందుకునే వరుసల జంటకు ఇచ్చే సంఖ్య), పీఎస్‌ఎన్ (ప్యాకెట్ల వరుస సంఖ్య) పంపితే ఎక్కడైనా చాలునని, పీఎస్‌ఎన్ రెండు వైపులా ఒకటే ఉండాలని రాయడం పొరపాటు. దాన్ని నమ్మి గుణుపురంలో ఇద్దరు విద్యార్థులు ఒక సాయంత్రమంతా పోగొట్టుకున్నారు. వారికి నా క్షమాపణలు.

16 బిట్ల ఎల్‌ఐడీని సబ్‌నెట్ మేనేజర్ (నెట్‌వర్క్‌లోని ఒక భాగాన్ని, అంటే సబ్‌నెట్‌ను, నిర్వహించే సాఫ్ట్‌వేర్) కేటాయిస్తుంది కనుక అది ఇన్ఫినీబ్యాండ్ అనే వేగవంతమైన నెట్‌వర్క్‌లో, అదీ ఒకే సబ్‌నెట్ లోపల మాత్రమే పనికొస్తుంది. ఆ పిల్లలు వాడింది ఈథర్నెట్ మీద నడిచే ఆర్‌డీఎంఏ, అంటే రోసీ. వారు పంపిన తెరచిత్రంలో ఎల్‌ఐడీ ఎదురుగా 0x0000 అని ఉంది, ఆ కింది వరుసలోనే క్యూపీ ఆర్‌టీఆర్ (స్వీకరణకు సిద్ధం) స్థితికి మారలేదన్న సందేశం ఉంది. రోసీలో అవతలి యంత్రాన్ని గుర్తించేది 128 బిట్ల జీఐడీ; దాన్ని తప్పక పంపాలి. జీఐడీ సూచిక (పోర్టులోని జీఐడీల పట్టికలో వరుస స్థానం) మాత్రం ఎవరి పట్టికది వారే వాడుకోవాలి, దాన్ని పంపనక్కర్లేదు; ఈ తేడా చాలామందిని తికమక పెడుతుంది.

ఇక 24 బిట్ల పీఎస్‌ఎన్‌ను ఎవరికి వారే ఎంచుకోవచ్చు. అవతలివారు చెప్పిన సంఖ్యను ఆర్‌టీఆర్‌కు మారేటప్పుడు స్వీకరణ వైపు, మన సంఖ్యను ఆర్‌టీఎస్ (పంపడానికి సిద్ధం) స్థితికి మారేటప్పుడు పంపే వైపు పెట్టాలి.