షకీరాను గెలిపించింది ఇంగ్లీషు కాదు

షకీరా అనగానే మనవాళ్లకు గుర్తొచ్చేవి రెండే: ఆమె డ్యాన్స్, 2010 ఫుట్‌బాల్ ప్రపంచకప్ పాట. ఆమె తన పాటలు తానే రాసుకుంటుందన్న సంగతి ఎవరికీ పట్టదు. నాకు మాత్రం అసలు షకీరా ఆ రాతలోనే కనిపిస్తుంది.

కొలంబియాలోని బరాంకియాలో పుట్టిన ఈ అమ్మాయి 14 ఏళ్లకే ఆల్బమ్ తెచ్చింది. అది ఆడలేదు, రెండోదీ ఆడలేదు. 1995లో మూడోది నిలబెట్టింది. తర్వాతి ఆల్బమ్‌కు రాసుకున్న పాటలు పెట్టెతో సహా బొగోటా విమానాశ్రయంలో దొంగలపాలయ్యాయి. మళ్లీ కూర్చుని రాసింది. 1998లో వచ్చిన ఆ ఆల్బమ్ పేరుకు అర్థం ‘దొంగలెక్కడ?’ అని.

ఆ స్పానిష్ పాటలను ఇంగ్లీషులోకి మార్చిపెడతానని గాయని గ్లోరియా ఎస్తెఫాన్ ముందుకొచ్చింది. ఇంకొకరైతే ఎగిరి గంతేసేవారు. షకీరా మాత్రం తన మాట తానే రాసుకోవాలని ఇంగ్లీషు నేర్చుకుంది. 2001 నాటి ‘లాండ్రీ సర్వీస్’ అలా పుట్టింది.

ఆ ఆల్బమ్ లేకపోతే ఇంత పేరు వచ్చేదా అని అడుగుతారు. రాకపోయేదేమో. అది కోటికి పైగా కాపీలు అమ్ముడుపోయింది. 2006లో అమెరికా పాటల చార్టు హాట్ 100లో ఆమెను మొదటి స్థానానికి చేర్చిందీ ఇంగ్లీషు పాటే. తలుపు తీసింది ఇంగ్లీషే, కాదనను.

కానీ 2005 చూడండి. ప్రపంచమంతా ఇంకో ఇంగ్లీషు ఆల్బమ్ కోసం చూస్తుంటే, ఆమె ముందు స్పానిష్ ఆల్బమ్ వదిలింది. అది అమెరికా ఆల్బమ్‌ల చార్టు బిల్‌బోర్డ్ 200లో నేరుగా 4వ స్థానంలో దిగింది. స్పెయిన్ గాయకుడు అలెహాంద్రో సాన్స్‌తో పాడిన ‘లా తోర్తురా’ లాటిన్ పాటల చార్టులో 25 వారాలు మొదటి స్థానంలో ఉంది. అంత మార్కెట్ చేతిలో ఉన్నప్పుడు సొంత భాషకు రావడానికి ఎంత ధైర్యం కావాలి!

2023 జనవరిలో, కాపురం చెదిరాక, అర్జెంటీనా నిర్మాత బిసారాప్‌తో చేసిన పాటలో ‘ఫాక్తురార్’ అనే మాట వాడింది. బిల్లు వేయడం, డబ్బు సంపాదించడం అని అర్థం. ఆడవాళ్లు ఇక ఏడవరు, బిల్లు వేస్తారు అంటుంది. ఏడుపు పక్కన దుకాణం మాట! కోపం, లెక్క, పౌరుషం అన్నీ ఆ ఒక్క మాటలో పలికాయి. ఆ స్పానిష్ పాటే హాట్ 100లో 9వ స్థానానికి వెళ్లింది.

అదే ఏడాది మార్చిలో ‘నాటు నాటు’కు ఆస్కార్ వచ్చింది. చంద్రబోస్ అందులో పెట్టినవి పొలంగట్టు దుమ్ము, పోట్లగిత్త, ఎర్రజొన్న రొట్టె, మిరపతొక్కు. ‘యూత్‌కు ఎక్కదు, ఒక ఇంగ్లీషు లైను వేయండి’ అని మన పాటల రచయితలను ఒత్తిడి చేసే నిర్మాతలు ఈ రెండు పాటలనూ పక్కపక్కన పెట్టుకుని వినాలి.