పాలీహౌస్ టమాటాకు మొక్కల సారం: ఎక్కడ పనికొస్తుంది, ఎక్కడ పనికిరాదు

పాలీహౌస్‌లో, అంటే ప్లాస్టిక్ పొర కప్పిన పందిరిలో, టమాటా వేసిన రైతు పూత రాలుతోందని మందుల దుకాణానికి వెళితే, చాలాసార్లు చేతికి వచ్చేది ఒక టానిక్ సీసా. సముద్రపు నాచు సారం, హ్యూమిక్ ఆమ్లం, అమైనో ఆమ్లాలు అంటూ రకరకాల పేర్లతో అమ్మే వీటినే జీవ ఉత్ప్రేరకాలు (బయోస్టిమ్యులెంట్లు) అంటున్నారు. వీటిలో మొక్కల నుంచి తీసినవాటికి పాలీహౌస్ టమాటాలో నిజమైన స్థానం ఉందని నేను నమ్ముతున్నాను. అయితే ఆ స్థానం దుకాణంలో చెప్పే దానికంటే బాగా చిన్నది.

ఇటలీ పరిశోధకులు 2017లో వెలువరించిన ఒక అధ్యయనంలో, పప్పుజాతి మొక్కల ప్రోటీన్‌ను విడగొట్టి తయారుచేసిన ద్రావణాన్ని గ్రీన్‌హౌస్‌లో రెండు టమాటా రకాల ఆకులపై పిచికారీ చేయగా, మోతాదును బట్టి ఎదుగుదల, దిగుబడి, కాయ నాణ్యత మెరుగుపడ్డాయి. ఇలాంటి ద్రావణాల్లోని పెప్టైడ్లు, అంటే ప్రోటీన్ చిన్న ముక్కలు, కొంతవరకు హార్మోన్ల మాదిరిగా పనిచేసి వేరు వ్యవస్థను విస్తరింపజేస్తాయి కనుక, వేసిన ఎరువునే మొక్క మరింత బాగా అందుకుంటుంది. మన పెరటి మునగాకు రసంలో జియాటిన్ అనే సైటోకైనిన్ రకం మొక్కల హార్మోన్ పుష్కలంగా ఉంటుంది. ముప్పై రెట్లు నీరు కలిపి చల్లితే ఆకు త్వరగా ముదిరిపోకుండా నిలుస్తుంది. తీగకు కట్టి నెలల తరబడి కోతలు తీసే రకాలకు ఆకు పచ్చగా నిలవడం చిన్న లాభమేమీ కాదు.

కానీ పూత రాలడానికి కారణం వేరే ఉంటే ఏ సారమూ ఆదుకోదు. పాలీహౌస్ లోపల గాలి కదలిక తక్కువ, తేనెటీగల రాకపోకలూ అంతంతమాత్రమే. టమాటా పువ్వు అదిరితేనే పుప్పొడి రాలుతుంది కనుక, మొక్కలు కట్టిన తీగలను ఉదయం పూట మెల్లగా తట్టడం ఖర్చులేని వైద్యం. ఎండాకాలంలో లోపలి వేడి 35 డిగ్రీలు దాటితే పుప్పొడే దెబ్బతింటుంది. 32 డిగ్రీల పైన కాయకు ఎరుపునిచ్చే లైకోపీన్ సరిగా తయారుకాక పసుపు, నారింజ ఛాయలు మిగులుతాయి. అక్కడ కావలసింది షేడ్‌నెట్, గాలి కిటికీలు, మంచులా నీటి తుంపర చిమ్మే ఫాగర్లు. కాయ అడుగు నల్లబడి కుళ్ళుతుంటే, సీసా కొనడానికి ముందు డ్రిప్ నీరు రోజూ సమంగా అందుతోందో లేదో చూడాలి.

ఇక నియంత్రణ సంగతి. కేంద్రం 2021 ఫిబ్రవరిలో ఈ జీవ ఉత్ప్రేరకాలను ఎరువుల నియంత్రణ ఉత్తర్వు కిందికి తెచ్చింది. అంతకుముందు ఏళ్ల తరబడి దాదాపు 30 వేల ఉత్పత్తులు ఏ తనిఖీ లేకుండా అమ్ముడయ్యాయని 2025లో వ్యవసాయ మంత్రి శివరాజ్ సింగ్ చౌహానే చెప్పారు. ఈ ఉత్తర్వు కింద ఇచ్చిన తాత్కాలిక అనుమతుల గడువు ఆ ఏడాది జూన్‌తో ముగిసింది. ఈ ఉత్పత్తుల్లో పురుగుమందు 0.01 పీపీఎంకు (పది లక్షల భాగాల్లో 0.01 భాగానికి) మించి ఉండరాదన్న నిబంధన టమాటా రైతుకు మరీ ముఖ్యం. రెండు మూడు రోజులకోసారి కోసి నేరుగా సూపర్ మార్కెట్‌కు పంపే చెర్రీ టమాటాలో, సహజ సారం పేరుతో కలిపిన పురుగుమందు తినేవారి నోటికే చేరుతుంది.

వాడదలచిన రైతు కొన్ని వరుసలకు చల్లకుండా వదిలేయాలి. గాలిని చల్లబరిచే తడి కూలింగ్ ప్యాడ్లు ఒక వైపు, ఫ్యాన్లు మరో వైపు ఉన్న పాలీహౌస్‌లో ప్యాడ్ వైపు చల్లగా, ఫ్యాన్ వైపు వేడిగా ఉంటుంది కాబట్టి, వదిలే వరుసలు రెండు వైపులా ఉండాలి; లేకపోతే చల్లదనం చేసిన మేలును సీసా ఖాతాలో వేసుకుంటాం. ప్రతి కోతలో కాయల బరువు, గ్రేడు, తీపిని కొలిచే బ్రిక్స్ విలువ విడివిడిగా రాసిపెట్టుకోవాలి. బ్రిక్స్ పెరిగినా కొనేవాడు మండీ ధరే ఇస్తే, ఆ నాణ్యత రైతు జేబులోకి రాదు. అందుకే నాణ్యత కోసం ఖర్చు పెట్టేముందు కొనుగోలుదారుతో గ్రేడువారీ ధర మాట్లాడుకోవాలి.

అనుమతి కోసం కంపెనీలు పొల పరీక్షల వివరాలు ఎలాగూ సమర్పిస్తున్నాయి. ఏ పంటపై, ఏ దశలో, ఎంత మోతాదుతో, చల్లకుండా వదిలిన మడితో పోలిస్తే ఎంత తేడా వచ్చిందో ఆ నాలుగు ముక్కలూ సీసా మీద తెలుగులో అచ్చువేయమని వ్యవసాయ శాఖ ఆదేశించాలి.