మహారాజశ్రీ ‘తర్వాత గుర్తు చేయి’ బటన్ గారికి

నమస్కరించి రాయునది ఏమనగా, ఇక్కడ మేము క్షేమం. సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ వచ్చిందని చెప్పే స్క్రీన్ మీద మీరు కులాసాగా ఉన్నారని రోజూ చూస్తూనే ఉన్నాం. మీ పక్కనే ఉన్న ‘ఇప్పుడే ఇన్‌స్టాల్ చేయి’ బటన్ పాపం ఈగలు తోలుకుంటోంది. మీ దగ్గర మాత్రం ఎప్పుడూ రద్దీయే.

కంప్యూటర్ వైరస్ అనగానే జనం చీకటి గదిలో కూర్చున్న హ్యాకర్‌నే తలుచుకుంటారు. పేరంతా అతనికే పోతుంది. మీరు చేసిన సాయం సంగతి ఎవరూ ఎత్తరు. ఆ లోటు తీరుద్దామనే ఈ ఉత్తరం.

మీ పూర్వీకులతో మొదలుపెడతాను. 2003 జనవరి 25న ఎస్‌క్యూఎల్ స్లామర్ అనే వార్మ్ బయల్దేరింది. మొత్తం కలిపి 376 బైట్లు. ఈ ఉత్తరం మొదటి పేరా కూడా అందులో పట్టదు. మామూలు వైరస్ ఏదో ఒక ఫైల్‌ని పట్టుకుని వేలాడుతూ, దాన్ని ఎవరో ఒకరు తెరిచేదాకా కాచుకుని ఉండాలి. వార్మ్‌కి ఆ బాధ లేదు. నెట్‌వర్క్‌లో కన్నం దొరికితే తనంతట తానే దూరిపోతుంది. స్లామర్ దాదాపు 75,000 కంప్యూటర్లలో దూరింది, అందులో ఎక్కువ భాగం పది నిమిషాల్లోనే. ఆ కన్నం పూడ్చే అప్‌డేట్‌ని, అంటే ప్యాచ్‌ని, మైక్రోసాఫ్ట్ 2002 జులైలోనే ఇచ్చేసింది. ఆర్నెల్లపాటు ‘వచ్చే వారం చూద్దాంలే’ అన్న సర్వర్ నిర్వాహకులే మీ వంశానికి మూలపురుషులు.

ఆ వంశం పేరు నిలబెట్టింది మాత్రం 2017లో. మార్చి 14న విండోస్‌కి ప్యాచ్ వచ్చింది. మే 12న వన్నాక్రై అనే వార్మ్ వచ్చింది. మధ్యలో దాదాపు రెండు నెలలు! ఆ రెండు నెలల్లో మీ మీద ఎన్ని వేళ్లు పడ్డాయో లెక్కపెట్టిన వాళ్లు లేరు. 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లలో ఫైళ్లకి తాళాలు పడ్డాయి. తాళం తీయాలంటే 300 డాలర్ల విలువ చేసే బిట్‌కాయిన్ కట్టమన్నారు. బ్రిటన్‌లో ప్రభుత్వ ఆసుపత్రులు రోగుల అపాయింట్‌మెంట్లు రద్దు చేసుకున్నాయి. ఇంత రభస తర్వాత కూడా జూన్ 27న నాట్‌పెట్యా అనే మరో వార్మ్ అదే కన్నంలోంచి మళ్లీ పాకిందంటే, మీ పరపతి ఏమాత్రం తగ్గలేదన్నమాట.

ఇక్కడ మీరు మీసం మెలేస్తారని తెలుసు. నాట్‌పెట్యా ఉక్రెయిన్‌లోకి అడుగుపెట్టిందే ఒక అకౌంటింగ్ సాఫ్ట్‌వేర్ అప్‌డేట్ రూపంలో కదా అంటారు. నిజమే, కాదనను. పని మధ్యలో రీస్టార్ట్ అడిగి ప్రాణం తీసే అప్‌డేట్లని వెనకేసుకొచ్చే ఓపిక నాకూ లేదు. కానీ దాడి చేసేవాళ్ల పద్ధతి ఒకసారి వినండి. ప్యాచ్ విడుదల కాగానే పాత ఫైల్‌నీ కొత్త ఫైల్‌నీ పక్కపక్కన పెట్టి పోల్చి చూస్తారు. ఏ వరసలు మారాయో తెలిస్తే కన్నం ఎక్కడుందో తెలిసినట్టే. అప్పటిదాకా కొద్దిమందికే తెలిసిన రహస్యం ఆ రోజు నుంచి బహిరంగం. అంటే మీరు ఉదారంగా ఇచ్చే ‘ఇంకో నాలుగు గంటలు’ మాకు విశ్రాంతి, వాళ్లకి పనివేళలు.

యాంటీవైరస్ ఉందిగా అని ధైర్యం చెబుతారేమో. అది ప్రధానంగా తన దగ్గరున్న జాబితా చూసే దొంగని గుర్తుపడుతుంది. ఆ జాబితాని కూడా మీరే వాయిదా వేయిస్తే, నిన్న పుట్టిన వైరస్‌కి అది దండం పెట్టి దారిచ్చే అవకాశమే ఎక్కువ.

కాబట్టి మీకు పదవీ విరమణ ప్రకటిస్తున్నాను. అప్‌డేట్లు వాటంతట అవే దిగేట్టు, రీస్టార్ట్ నేను నిద్రపోయే వేళలో జరిగేట్టు సెట్టింగ్స్ మార్చేశాను. సన్మానం గట్రా ఏమీ లేవు.

ఇట్లు,
మీ మాజీ ఖాతాదారు

తా.క.: మీ తమ్ముడు ‘బ్యాకప్ రేపు’ కాస్త మారాడని విన్నాను. కాకపోతే బయటి డిస్క్‌ని ఎప్పుడూ కంప్యూటర్‌కే తగిలించి ఉంచి, బ్యాకప్ ఉందని చెప్పుకు తిరుగుతున్నాడట. ఫైళ్లకి తాళం వేసి డబ్బు గుంజే ర్యాన్సమ్‌వేర్ వస్తే ఆ డిస్క్‌కీ కలిపే తాళం వేస్తుందని మీరైనా చెప్పండి.