డిలీట్ ఫర్ ఎవ్రీవన్ బటన్ గారికి ఒక విన్నపం

మహారాజశ్రీ డిలీట్ ఫర్ ఎవ్రీవన్ బటన్ గారి సముఖమునకు,

తమ కరుణ వల్లనే పరువు నిలిచిందని చాలాకాలం నమ్మిన ఒక వాడుకరి విన్నవించుకొనునది. ఉభయకుశలోపరి. ఇక్కడ నేను క్షేమం. తమరు చెరిపిన నా మాటలు కూడా ఎక్కడెక్కడో క్షేమంగానే ఉన్నాయని ఈ మధ్యనే తెలిసినందున ఈ లేఖ రాయవలసి వచ్చింది.

మా అధికారి మాట్లాడే తీరు గురించి సహోద్యోగికి రాసిన ఒక వాక్యం, వేలు జారి, ఆ అధికారి కూడా ఉన్న వాట్సాప్ గ్రూపులో పడింది. అరనిమిషం గడవకముందే తమను శరణు వేడాను. వాక్యం మాయమైంది, దాని స్థానంలో "ఈ సందేశం తొలగించబడింది" అన్న సమాధిరాయి లేచింది. అంతవరకు ఆ గ్రూపులో నా రాతలను పట్టించుకున్నవారు లేరు. రాయి పాతగానే ఒక్కొక్కరే వచ్చి, ఏం తీసేశారంటూ పరామర్శించడం మొదలుపెట్టారు. అప్పటికే ఒక మిత్రుడు నా వాక్యానికి రిప్లైగా నవ్వుబొమ్మ పెట్టి ఉన్నాడు. ఆ నవ్వుబొమ్మ నెత్తిన నా వాక్యం పొల్లుపోకుండా కూర్చుని ఉంది. మరొకరైతే స్క్రీన్‌షాట్ నాకే పంపి, "మీరు తీసేసింది ఇదేనా సార్?" అని ఎంతో వినయంగా అడిగారు.

తమ మీద కోపం లేదు. విచారించగా తెలిసినదేమిటంటే, తమరు చెరిపేవారే కారు. నేను తమను నొక్కినప్పుడు జరిగేదల్లా, ఫలానా సందేశాన్ని తీసివేయవలసిందని అవతలి ఫోన్లకు ఇంకొక సందేశం వెళ్లడం. అంటే తమరు న్యాయమూర్తి వేషంలో ఉన్న బంట్రోతు. ఆ కబురు అందిన యాప్ మాట వింటుంది. ఈలోగా చూసిన కన్ను, తీసిన బొమ్మ, జరిగిపోయిన బ్యాకప్ వినవు.

తమకు వేళాపాళా కూడా ఉన్నాయి. వాట్సాప్‌లో 2017లో తమరు అవతరించినప్పుడు మా పశ్చాత్తాపానికి 7 నిమిషాలు గడువిచ్చారు. 2018లో దాన్ని గంటా 8 నిమిషాల 16 సెకన్లు చేశారు. ఆ 16 సెకన్ల ఔదార్యం ఎక్కడిదా అని లెక్క కడితే మొత్తం 4096 సెకన్లయింది, అంటే రెండును పన్నెండుసార్లు వేసి హెచ్చించగా వచ్చే సంఖ్య. మనిషి తప్పు తెలుసుకోవడానికి ఎంతసేపు పడుతుందో నిర్ణయించింది మనసు తెలిసినవారు కాదని అప్పుడే గ్రహించి ఉండవలసింది. 2022 ఆగస్టులో గడువు రెండు రోజులు దాటింది. ఖాతానే మూసేసుకుంటే మాత్రం, సమాచారం చెరపడానికి 90 రోజుల వరకు పట్టవచ్చునని ఆ సంస్థే చెబుతుంది. పంపడానికి రెప్పపాటు సమయం చాలు, మరవడానికి మూడు నెలలు కావాలి.

ఎండ్ టు ఎండ్ ఎన్‌క్రిప్షన్ ఉంది కదా అని తమరు అనవచ్చు. నిజమే, వాట్సాప్ 2016 ఏప్రిల్‌లో దాన్ని అందరికీ ఇచ్చింది, దారిలో మాటను ఎవరూ చదవలేరు. కానీ క్లౌడ్‌లోకి వెళ్లే బ్యాకప్‌కు అలాంటి తాళం 2021లో గాని రాలేదు, అదీ కోరినవారికే. వీధి తలుపుకు ఏడు తాళాలు వేసి పెరటి తలుపు బార్లా తెరిచి ఉంచినట్టయింది. నా పెరటి తలుపు నేను మూసుకున్నా, నాతో మాట్లాడినవారి పెరళ్లన్నీ కాపలా కాయలేను గదా. (టెలిగ్రామ్‌లోనైతే సీక్రెట్ చాట్ ఎంచుకోనివారి మాటలకు ఆ వీధి తాళమూ ఉండదు.)

తమ అధికారం అసలే చెల్లనిది మెటాడేటా మీద. అది కవరు లోపలి కాగితం కాదు, కవరు పైని రాత: ఎవరు, ఎవరికి, ఎప్పుడు, ఎన్నిసార్లు, ఎక్కడినుంచి. ఏడాదిపాటు రోజూ రాత్రి పదకొండింటికి ఒకే నంబరుకు కబుర్లు వెళ్లి, ఒకనాడు హఠాత్తుగా ఆగి, మర్నాడు వకీలుకు, ఆ వారంలోనే అద్దె ఇళ్లు చూపించేవారికి వెళితే, ఒక్క మాట చదవకుండానే ఒక కాపురం సంగతి తెలిసిపోతుంది. అమెరికాలో గూఢచార సంస్థలైన ఎన్‌ఎస్‌ఏకూ సీఐఏకూ అధిపతిగా చేసిన మైకేల్ హేడెన్, మెటాడేటాను బట్టి తాము మనుషులను చంపుతామని 2014లో బహిరంగ వేదిక మీదే అన్నారు. ఇటువంటి చిట్టా ముందు తమరు నా ఒక్క వాక్యం మీద సున్నం కొట్టి వెళుతున్నారు.

2016లో అమెరికాలోని ఒక గ్రాండ్ జ్యూరీ, అంటే నేరాభియోగం మోపాలా వద్దా అని తేల్చే పౌరుల బృందం, సిగ్నల్ అనే మెసేజింగ్ యాప్ నడిపేవారిని రెండు ఫోన్ నంబర్ల వివరాలు అప్పగించమని ఆదేశించింది. వాటిలో ఒకదానికే సిగ్నల్ ఖాతా ఉంది. దాని గురించి వారు ఇవ్వగలిగినవి రెండే: ఖాతా తెరిచిన సమయం, చివరిసారి సర్వరును పలకరించిన తేదీ. ఇచ్చేందుకు మరేమీ లేదు, ఎందుకంటే దాచుకోలేదు. అక్కడ పని జరిగింది తమవల్ల కాదని మనవి చేయడానికి నోరు రావడం లేదు.

కాబట్టి తమ ఉద్యోగం ఊడబెరకమని అడగను. పేరు మాత్రం మార్చుకొని, "తీసివేయవలసిందిగా ప్రార్థన" అని పెట్టుకోగలరు. దాని కిందనే, ఈ మాట నకళ్లు ఇంకా ఎన్నిచోట్ల ఉన్నాయో, ఎన్నాళ్లుంటాయో చెప్పే చిన్న పంక్తి ఒకటి ఉంటే మరీ మంచిది.

ఈ లేఖను చదివిన వెంటనే చించివేయగలరు. ముక్కలు ఎక్కడ దాచారో మాత్రం తెలియజేయగలరు.

ఇట్లు,
తమను రోజుకు నాలుగుసార్లు నొక్కే విధేయుడు