కట్టిన ఫీజులో వాడుకోనిదెంత?

డిగ్రీ చివరి సెమిస్టరు పరీక్షలు దగ్గరపడే రోజుల్లో తెలుగు రాష్ట్రాల్లో ఏ కళాశాలకు వెళ్లినా నో డ్యూస్ ఫారాలు పట్టుకుని గది గదికీ తిరిగే విద్యార్థులు కనిపిస్తారు. గ్రంథాలయం, ల్యాబులు, హాస్టల్, ఆటల విభాగం, అకౌంట్స్ సెక్షన్ అన్నిచోట్లా సంతకాలు పడితే గాని హాల్‌టికెట్టో టీసీయో చేతికి రాదు. ఆ సంతకం కోసమే మొదటిసారి లైబ్రేరియన్ ఎదుటికి వచ్చే విద్యార్థులు ప్రతి బ్యాచ్‌లోనూ ఉంటారు. మూడేళ్లలో ఒక్క పుస్తకమైనా తీసుకోలేదు కాబట్టి వారి పేరున బకాయి ఉండదు, సంతకం వెంటనే పడుతుంది. విద్యార్థి కళాశాలకు బాకీ లేడని ఆ కాగితం ధ్రువీకరిస్తుంది. కళాశాల విద్యార్థికి ఎంత బాకీ పడిందో చెప్పే కాగితం మాత్రం ఎక్కడా లేదు.

చేరిన రోజు ఇచ్చిన రసీదు తీసి చూస్తే లైబ్రరీ ఫీజు, ల్యాబ్ ఫీజు, ఆటల ఫీజు, కాషన్ డిపాజిట్ అని పద్దులన్నీ వరుసగా ఉంటాయి. ఫీజు రీయింబర్స్‌మెంట్ మీద చదివే విద్యార్థి తరఫున ప్రభుత్వం కట్టేదీ ప్రజల డబ్బే. ఇంత ఖర్చుతో ఏర్పాటైన సౌకర్యాలను వాడుకోకపోవడం విద్యార్థి బద్ధకమేనని తేల్చేయడం సులువు. అడగనిదే అమ్మైనా పెట్టదని మన పెద్దలు అన్నారు, నిజమే. కాని ఇంట్లో ఏముందో తెలియని పిల్లవాడు ఏమని అడుగుతాడు? తల్లిదండ్రులు ఉద్యోగస్తులైన ఇంటి నుంచి వచ్చిన అమ్మాయికి జర్నల్ (పరిశోధన పత్రిక) అంటే ఏమిటో, ప్రొఫెసరును ఎప్పుడు కలవాలో, సిఫారసు లేఖ ఎలా అడగాలో వినికిడి మీదనైనా తెలుస్తుంది. కూలి పని చేసే ఇంటి నుంచి మొదటిసారి కళాశాల గడప తొక్కిన అబ్బాయికి వీటిలో ఏ ఒక్కటీ ఎవరూ చెప్పరు. ఒకే తరగతి గదిలో ఒకే ఫీజు మీద చదివినా ఇద్దరికీ దక్కే కళాశాల ఒకటి కాదు. ఈ తేడాను పూడ్చవలసిన బాధ్యత ప్రధానంగా కళాశాలదేనని నా అభిప్రాయం.

గ్రంథాలయాల సంగతే తీసుకుందాం. హైదరాబాదులోని ఉస్మానియా విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో గాని, విశాఖపట్నంలో ఆంధ్ర విశ్వవిద్యాలయంలోని డాక్టర్ వి.ఎస్. కృష్ణా గ్రంథాలయంలో గాని పఠన మందిరాల్లో కుర్చీ దొరకడమే కష్టం. అయితే అక్కడ కూర్చున్నవారిలో చాలామంది ముందు ఉండేవి గ్రూప్స్‌కో పోలీసు ఉద్యోగాలకో బయట కొని తెచ్చుకున్న పుస్తకాలు, కోచింగ్ నోట్సులు. వారికి కావలసింది నిశ్శబ్దం, ఫ్యాను, వెలుతురు. అవి ఇరుకు గదుల్లో అద్దెకుండే యువతకు చాలా విలువైనవే, వాటిని తక్కువ చేయకూడదు. కాని వారి వెనుక అరల్లో దశాబ్దాలుగా సేకరించిన పుస్తకాలు అలాగే నిలబడి ఉంటాయి.

కంటికి కనిపించే పుస్తకాలదే ఈ స్థితి అయితే కనిపించని వాటి గురించి చెప్పనక్కర్లేదు. విశ్వవిద్యాలయ గ్రంథాలయాలను అనుసంధానించే, గాంధీనగర్‌లోని ఇన్‌ఫ్లిబ్‌నెట్ కేంద్రం 2010లో మొదలుపెట్టిన ఎన్-లిస్ట్ పథకం ద్వారా సభ్యత్వం తీసుకున్న సాధారణ డిగ్రీ కళాశాలలకు సైతం వేల ఈ-జర్నళ్లు, లక్షకు పైగా ఈ-పుస్తకాలు అందుబాటులోకి వచ్చాయి. లైబ్రేరియన్ విద్యార్థి పేరు, ఈ-మెయిల్ నమోదు చేస్తే యూజర్ ఐడీ, పాస్‌వర్డ్ వస్తాయి. ఆ తర్వాత ఇంటి దగ్గర ఫోన్‌లోనే చదువుకోవచ్చు. కేంద్ర మంత్రివర్గం 2024 నవంబరులో ఆమోదించిన ‘వన్ నేషన్ వన్ సబ్‌స్క్రిప్షన్’ పథకం ఇంకా పెద్దది. మూడేళ్లకు 6,000 కోట్ల రూపాయలు కేటాయించి, 30 ప్రచురణ సంస్థలకు చెందిన సుమారు 13,000 జర్నళ్లను 6,300కు పైగా ప్రభుత్వ విద్యా, పరిశోధన సంస్థలకు తెరిచారు. సభ్యత్వ రుసుము కట్టి, కళాశాలలకు గ్రేడు ఇచ్చే నాక్ బృందానికి చూపే ఫైలులో ఆ రసీదు పెట్టి, లాగిన్ ఎలా పొందాలో మాత్రం తరగతిలో చెప్పని కళాశాల తన పని సగమే చేసినట్టు.

పుస్తకాలకు తాళం పడటానికి మరొక కారణం ఉంది, దాన్ని సానుభూతితోనే అర్థం చేసుకోవాలి. స్టాక్ వెరిఫికేషన్‌లో పుస్తకం తగ్గితే దాని వెల తన జీతంలోంచి పోతుందన్న భయం లైబ్రేరియన్‌ను వెంటాడుతుంది. అందుకే అద్దాల బీరువాలు, స్లిప్పు రాసిస్తే లోపలి నుంచి తెచ్చిచ్చే పద్ధతి. మద్రాసు విశ్వవిద్యాలయ గ్రంథాలయాధికారిగా ఎస్.ఆర్. రంగనాథన్ 1931లో ప్రకటించిన గ్రంథాలయ సూత్రాల్లో మొదటిదే పుస్తకాలు వాడుక కోసం అన్నది. ఆయన జయంతిని ఏటా ఆగస్టు 12న జరుపుకుంటూనే ఆ సూత్రాన్ని బీరువాలో పెట్టేశాం. నిజానికి కేంద్ర ప్రభుత్వ సాధారణ ఆర్థిక నియమావళి-2017 ఏడాదిలో పాఠకులు వాడిన ప్రతి వెయ్యి పుస్తకాలకు అయిదు పోవడం సహజమేనని అంగీకరిస్తుంది, అందులో నిర్లక్ష్యం గాని మోసం గాని లేకపోతే చాలు. కళాశాలలు ఇలాంటి వెసులుబాటును తమ నియమాల్లో స్పష్టంగా రాసి లైబ్రేరియన్‌కు ధైర్యమిస్తే సగం బీరువాలు తెరుచుకుంటాయి.

ల్యాబుల్లో పరిస్థితి వేరు. అక్కడ హాజరు తప్పనిసరి కాబట్టి విద్యార్థి వెళ్తాడు. కాని నలుగురి బ్యాచ్‌లో పరికరం ఒకరి చేతిలో ఉంటుంది, మిగతా ముగ్గురు రీడింగులు రాసుకుంటారు. రికార్డు సీనియర్లది చూసి నింపుతారు. బయటి పరీక్షకుడు వచ్చే ఎక్స్‌టర్నల్ రోజున వైవాలో (మౌఖిక పరీక్షలో) ఒక ప్రశ్న రికార్డులో రాసినదానికి పక్కకు జరిగితే జవాబు ఆగిపోతుంది. ప్రయోగం మళ్లీ ఒకసారి చేసుకుంటానని ల్యాబ్ టెక్నీషియన్‌ను అడిగితే, ఖాళీ పీరియడ్‌లో రమ్మనేవారే ఎక్కువమంది. ఆ గదిలో ఏ మీటరు ఎందుకు తప్పు చూపుతుందో వారికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. విద్యార్థులు మాత్రం వారిని తాళంచెవులు ఉండే మనిషిగానే చూస్తారు.

నా దృష్టిలో అన్నిటికంటే ఎక్కువగా వృథా అవుతున్నది అధ్యాపకుల సమయం. క్లాసు అయ్యాక స్టాఫ్‌రూమ్ గుమ్మం దాకా వచ్చి, సార్ ఏమనుకుంటారోనని వెనక్కి వెళ్లిపోయేవారు ఎందరో. ధైర్యం చేసి వెళ్లినవారిలోనూ చాలామంది సబ్జెక్టు అర్థం కావడం లేదని ఒక్క మాట చెప్పి ఊరుకుంటారు. దానికి అధ్యాపకుడు ఏం చెప్పగలడు? బాగా చదువు, మళ్లీ చదువు అంటాడు. అదే విద్యార్థి తాను చేసిన లెక్క కాగితం ముందు పెట్టి, ‘మేడమ్, మూడో లైను దాకా వచ్చింది, ఇక్కడ గుర్తు ఎందుకు మారిందో తెలియడం లేదు’ అంటే పది నిమిషాల్లో చిక్కు విడిపోతుంది. పైగా ఆ మేడమ్‌కు ఆ విద్యార్థి గుర్తుంటాడు. పీజీ సీటుకో ఇంటర్న్‌షిప్‌కో సిఫారసు లేఖ కావలసి వచ్చినప్పుడు ఆమె రాయగలిగేది తనకు తెలిసిన విద్యార్థి గురించే. కనీసం ఒక్క అధ్యాపకుడికైనా తన చదువు తీరు తెలిసేలా ప్రతి విద్యార్థీ మొదటి ఏడాదిలోనే చొరవ చేయాలి.

మంచి అధ్యాపకులే లేరు, లైబ్రేరియన్ పోస్టు ఖాళీగా ఉంది, ఏం వాడుకోమంటారు అనే ప్రశ్న న్యాయమైనది. అతిథి అధ్యాపకులతో నడిచే కళాశాలలకు ఈ వ్యాసంలో చెప్పినవన్నీ వర్తించవు. అక్కడ ఎన్‌పీటెల్, స్వయం అనే ఆన్‌లైన్ వేదికల్లోని వీడియో పాఠాలు కొంత ఆదుకుంటాయి. పాఠాలు ఉచితమే, ధ్రువపత్రం కావాలనుకున్నప్పుడే పరీక్ష ఫీజు. ఐఐటీ బొంబాయి స్పోకెన్ ట్యుటోరియల్స్ తెలుగులోనూ ఉన్నాయి. మన ఊళ్లలో ఇంటి పన్ను మీద రూపాయికి 8 పైసల చొప్పున వసూలయ్యే గ్రంథాలయ పన్నుతో నడిచే జిల్లా, శాఖా గ్రంథాలయాలు కూడా విద్యార్థివే. అలాగని ఇవేవీ ఖాళీ పోస్టుకు బదులు కావు. పోస్టుల భర్తీ కోసం ప్రభుత్వాన్ని అడగడం కూడా విద్యార్థి హక్కే.

ఉన్నచోటనైనా చేయగలిగిన పని ఒకటుంది. ఇంజినీరింగు కళాశాలల్లో కొత్తగా చేరినవారికి మూడు వారాల ఇండక్షన్ (పరిచయ) కార్యక్రమం నిర్వహించాలని సాంకేతిక విద్యా మండలి ఏఐసీటీఈ చెబుతోంది. యూజీసీ కూడా దీక్షారంభ్ పేరిట 2019లో ఇలాంటిదే సూచించింది. ఉపన్యాసాలు, శాలువాలతో గడిచిపోయే ఆ రోజుల్లో ఒక్క పూట గ్రంథాలయానికి కేటాయించాలి. ఆ పూట ముగిసేసరికి ప్రతి విద్యార్థి ఫోన్‌లో లాగిన్ పనిచేయాలి, ప్రతి ఒక్కరి చేతిలో తానే అరలో వెతికి తీసుకున్న పుస్తకం ఒకటి ఉండాలి. ఏ అధ్యాపకుడు ఏ రోజు ఏ వేళ విద్యార్థులకు అందుబాటులో ఉంటారో స్టాఫ్‌రూమ్ తలుపు మీద తెలుగులో అంటించాలి. దీనికి కొత్త నిధులు అక్కర్లేదు, జీవో కోసం ఎదురుచూడనక్కర్లేదు. వచ్చే విద్యా సంవత్సరం మొదటి వారంలోనే ఏ ప్రిన్సిపాల్ అయినా దీన్ని మొదలుపెట్టవచ్చు.